శోథం: ఉత్తరాంధ్రలో దాని రూపాలు

కాల్లో తుమ్మముల్లు విరిగి ఉండిపోతే రెండో రోజుకి ఆ చోటు ఎర్రబడుతుంది, పొంగుతుంది, చెయ్యి వేస్తే వెచ్చగా తగులుతుంది, రాత్రి సలుపుతుంది. దీన్నే వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. తెలుగు వైద్య పుస్తకాలు శోథం అనీ తాపం అనీ రాస్తాయి. జనం నోట్లో ఉన్న మాట వీటికంటే మెరుగైనది: సెగగడ్డ. సెగ అంటే వేడి, గడ్డ అంటే వాపు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత సెల్సస్ శోథానికి నాలుగు గుర్తులు చెప్పాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. వాటిలో రెండు మన పల్లెల్లో ఒక్క మాటలోనే ఇమిడిపోయాయి. ఆ భాగం పని తప్పడమనే ఐదో గుర్తును తర్వాతివారు చేర్చారు.

శోథం దానంతట అది రోగం కాదు. రోగనిరోధక వ్యవస్థ శరీరాన్ని కాపాడే తీరు అది. అయితే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తరతరాలుగా మనుషుల్ని పనికి దూరం చేసిన జబ్బుల్ని దగ్గరగా చూస్తే ఒక విషయం తేటపడుతుంది. బోదకాలులో గానీ కుష్ఠులో గానీ జరిగే నష్టంలో పెద్ద వాటా క్రిమి నేరుగా చేసేది కాదు, క్రిమి మీద శరీరం చేసే పోరాటం వల్ల జరిగేది. ఇది తెలియకపోతే వైద్యం సగంలోనే ఆగిపోతుంది. మందు క్రిమిని చంపుతుంది, కాలు మాత్రం వాస్తూనే ఉంటుంది.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి సాలూరు, పార్వతీపురం, పాలకొండ ప్రాంతాలు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి. ఈ వ్యాసంలో మాత్రం పాత హద్దులనే పరిగణించాం.

గాయం దగ్గర జరిగేది

చర్మం కింద, కణజాలంలో కొన్ని రక్షణ కణాలు ఎప్పుడూ కాపలా ఉంటాయి. మాక్రోఫేజ్‌లు, మాస్ట్ కణాలు వాటిలో ముఖ్యమైనవి. బాక్టీరియా పైపొరలో మన శరీరంలో ఎక్కడా కనిపించని రకం అణువులు ఉంటాయి. వాటిని పసిగట్టడానికి ఈ కణాల మీద టోల్ గ్రాహకాలు ఉంటాయి. పండ్ల ఈగలో వీటి పాత్రను 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం, ఎలుకలో 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం తేల్చాయి. 2011 నోబెల్ వైద్య బహుమతిలో ఇద్దరికీ వాటా దక్కింది.

ప్రమాదం పసిగట్టగానే మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను వదులుతాయి. చుట్టుపక్కల సన్నటి రక్తనాళాలు వెడల్పవుతాయి. రక్తం ఎక్కువగా చేరడంతో ఆ చోటు ఎర్రబడి వెచ్చబడుతుంది. నాళాల గోడల్లో కణాల మధ్య సందులు తెరుచుకుని నీరు బయటికి ఊరుతుంది, అదే వాపు. ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడికైనిన్ నరాల కొనలను రేపుతాయి, అదే సలుపు. ఈలోగా రక్తంలోని న్యూట్రోఫిల్‌లు అనే తెల్లకణాలు నాళం గోడ వెంట దొర్లుతూ, అంటుకుని, సందుల్లోంచి నలుగుతూ బయటికొస్తాయి. 1867లో జర్మన్ వైద్యుడు యూలియస్ కోన్‌హైమ్ కప్ప శరీరంలో ఈ దృశ్యాన్ని సూక్ష్మదర్శినిలో చూసి రాశాడు. బయటికొచ్చిన కణాలు ఏం చేస్తాయో 1882లో ఇటలీలోని మెస్సీనాలో ఇల్యా మెచ్నికోవ్ చూశాడు. నక్షత్ర చేప పిల్లకు గులాబీ ముల్లు గుచ్చి, తెల్లారేసరికి దాని చుట్టూ కణాలు మూగి ఉండటం గమనించాడు. కణాలు క్రిముల్ని మింగుతాయన్న ఆయన సిద్ధాంతానికి 1908లో, పాల్ ఎర్లిక్‌తో కలిపి, నోబెల్ వచ్చింది.

మన ఎముకల మూలుగ రోజుకు సుమారు పదివేల కోట్ల న్యూట్రోఫిల్‌లను తయారుచేస్తుంది. అవి బతికేది దాదాపు ఒక రోజు. పుండులో చీముగా కనిపించేది ఎక్కువగా పోరాడి చచ్చిన ఈ కణాల గుట్టే.

ఇక్కడ ఒక సంగతిని పాఠ్యపుస్తకాలు చాలాకాలం సరిగ్గా పట్టించుకోలేదు. శోథం తనంతట తాను ఆరిపోదు, దాన్ని ఆర్పే పని విడిగా జరగాలి. కొంతసేపటికి అవే కణాలు లైపాక్సిన్లు, రిసాల్విన్లు అనే కొవ్వు అణువులను తయారుచేయడం మొదలుపెడతాయి. కొత్త న్యూట్రోఫిల్‌లు రావడం ఆగుతుంది. మాక్రోఫేజ్‌లు చచ్చిన వాటిని ఎత్తిపోసి చోటు శుభ్రం చేస్తాయి. ముల్లు బయటికి రాకపోతే, లేదా పురుగు ఏళ్ళ తరబడి లోపలే ఉండిపోతే, ఈ ఆర్పే దశ పూర్తికాదు. అప్పుడు లింఫోసైట్‌లు అనే ఇంకో రకం తెల్లకణాలు చేరి తిష్ఠ వేస్తాయి, ఫైబ్రోబ్లాస్ట్‌లు నారలాంటి కొల్లాజెన్‌ను నేస్తూ పోతాయి, మెత్తని కణజాలం గట్టి మచ్చగా మారుతుంది. బోదకాలు రాయిలా బిరుసెక్కడానికీ, పాడైన కిడ్నీ కుంచించుకుపోవడానికీ మూలం ఈ నేతలోనే ఉంది.

ఒంటి నిండా పాకే తీరు

చీలమండ దగ్గర పుండు లేస్తే చలిజ్వరం ఎందుకొస్తుంది? అన్నం ఎందుకు సహించదు? గాయం దగ్గరి కణాలు ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్లను రక్తంలోకి వదులుతాయి. సైటోకైన్లు అని పిలిచే ఈ వర్తమానాలు గంటల్లో దూరపు అవయవాలకు చేరతాయి.

అవి మెదడుకు చేరితే, హైపోథాలమస్‌లో ప్రోస్టాగ్లాండిన్ ఇ2 పెరిగి, ఒంటి వేడి ఎంత ఉండాలన్న కొలమానం పైకి జరుగుతుంది. శరీరం ఆ కొత్త వేడిని అందుకోవడానికి వణుకుతుంది. దుప్పటి మీద దుప్పటి కప్పినా చలి తీరకపోవడానికి కారణం ఇదే. కాలేయం సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను మామూలు కంటే వందల రెట్లు తయారుచేస్తుంది. 1930లో విలియం టిలెట్, థామస్ ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని కనుగొన్నారు. ఫైబ్రినోజెన్ కూడా పెరిగి ఎర్ర కణాలు నాణేల దొంతరలా అంటుకుంటాయి, పరీక్ష గొట్టంలో త్వరగా అడుగుకు దిగుతాయి. ఆ దిగే వేగమే ఈఎస్‌ఆర్. ఆముదాలవలస నుంచో బొబ్బిలి నుంచో ఆస్పత్రికి వచ్చే రోగి చేతిలో మడతపెట్టి ఉన్న ల్యాబు కాగితం మీద ఈ రెండు అంకెలూ ఎక్కువగా కనబడతాయి. శోథం ఎక్కడుందో అవి చెప్పవు, ఒంట్లో ఎక్కడో ఉందని మాత్రం చెబుతాయి.

నెలల తరబడి సాగే శోథంలో ఇంకొకటి జరుగుతుంది. ఇంటర్‌ల్యూకిన్-6 ప్రభావంతో కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను పెంచుతుంది. అది పేగుల నుంచి ఇనుము రక్తంలోకి రానివ్వదు, నిల్వల్లోని ఇనుమునూ కదలనివ్వదు. క్రిములకు ఇనుము అందకుండా చేసే పాత ఉపాయం ఇది. కానీ రోగికి కూడా అందదు. ఐరన్ బిళ్ళలు ఎన్ని మింగినా కొందరికి రక్తం పట్టకపోవడానికి ఇదొక కారణం.

ఈ వర్తమానాలు అదుపు తప్పి ఒకేసారి వెల్లువెత్తితే రక్తపోటు పడిపోతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. సెప్సిస్‌లో జరిగేది అదే. 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్ష, చవకైన డెక్సామెథసోన్ కోవిడ్‌లో వెంటిలేటర్ మీదున్నవారి మరణాలను సుమారు మూడో వంతు తగ్గించిందని తేల్చింది. ఆ మందు వైరస్‌ను చంపేది కాదు, శోథాన్ని అణిచేది.

బోదకాలు

ఆంధ్రప్రదేశ్ కోస్తాలోని చాలా జిల్లాల్లో లాగే శ్రీకాకుళం, విజయనగరంలో కూడా, బోదకాలు తెచ్చే ఫైలేరియా చాలాకాలంగా పాతుకుపోయిన జబ్బు. కారణం ఉకరేరియా బ్యాంక్రాఫ్టి అనే దారప్పోగు లాంటి పురుగు. ఆడ పురుగు 8 నుంచి 10 సెంటీమీటర్లు ఉంటుంది. మోసుకొచ్చేది మురుగునీటిలో గుడ్లుపెట్టే క్యూలెక్స్ దోమ. 1866లో బ్రెజిల్‌లో ఒట్టో ఉకరర్ దీని పిల్ల పురుగుల్ని మూత్రంలో చూశాడు. 1872లో కలకత్తాలో టిమతీ లూయిస్ మనిషి రక్తంలో చూశాడు. 1876లో ఆస్ట్రేలియాలో జోసెఫ్ బ్యాంక్రాఫ్ట్ పెద్ద పురుగును కనుగొన్నాడు. 1877లో పాట్రిక్ మాన్సన్ దోమ పాత్రను చెప్పాడు.

పెద్ద పురుగులు శోషరస నాళాల్లో, ముఖ్యంగా గజ్జల దగ్గరా వృషణాల చుట్టూ, ఐదు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతాయి. లక్షలాది మైక్రోఫైలేరియాలను కంటాయి. ఈ పిల్ల పురుగులు పగలంతా ఊపిరితిత్తుల నాళాల్లో దాక్కుని, రాత్రి పదింటికీ రెండింటికీ మధ్య చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. దోమ కుట్టేది కూడా ఆ వేళే. అందుకే ఫైలేరియా సిబ్బంది ఊళ్ళోకి రాత్రి పూట వచ్చి, లైటు వెలుగులో వేలు గుచ్చి, గాజు పలక మీద రక్తం చుక్క పూసుకుని వెళ్తారు.

అసలు విచిత్రం ఇక్కడుంది. రక్తంలో వేల పురుగులున్న మనిషి చాలాసార్లు ఏ బాధా లేకుండా తిరుగుతుంటాడు. కాలు ఏనుగు పాదంలా ఉన్న మనిషి రక్తంలో ఒక్క పురుగూ కనపడకపోవచ్చు. పురుగు మనిషి రోగనిరోధక వ్యవస్థను జోకొడుతుంది. ఇంటర్‌ల్యూకిన్-10 పెరుగుతుంది, నియంత్రణ టీ కణాలు అనే లింఫోసైట్‌లు పోరాటాన్ని ఆపుతాయి. ఆ సంధి నడిచినంతకాలం పురుగూ మనిషీ కలిసి బతుకుతారు. సంధి చెడితే, లేదా పురుగు చచ్చిపోతే, మంట మొదలవుతుంది.

పురుగు చచ్చినప్పుడు బయటపడేది పురుగు శరీరం ఒక్కటే కాదు. దాని లోపల ఉల్బాకియా అనే బాక్టీరియా ఏళ్ళ తరబడి కాపురం ఉంటుంది. అది రక్తంలోకి రాగానే టోల్ గ్రాహకాలు మేల్కొంటాయి. నాళం వెంట ఎర్రటి చార లేస్తుంది, గజ్జల్లో బిళ్ళ కడుతుంది, వణుకుతో జ్వరం వస్తుంది. ఏటా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి డీఈసీ, అల్బెండజోల్ బిళ్ళలు మింగించాక కొందరికి జ్వరం రావడమూ ఇందుకే. ‘ఆ బిళ్ళ పడలేదు, జొరమొచ్చింది’ అని మరుసటి ఏడు బిళ్ళ జేబులో వేసుకునే వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. నిజానికి ఆ జ్వరం లోపల పురుగులు చస్తున్నాయన్న సూచన. రెండేళ్ళలోపు పిల్లలకూ, గర్భిణులకూ, తీవ్రంగా జబ్బుపడ్డవారికీ ఈ బిళ్ళలు ఇవ్వరు, మిగతా అందరూ మింగాల్సిందే. బిళ్ళ చేతిలో పెట్టేటప్పుడే ఈ జ్వరం సంగతి రెండు మాటల్లో చెబితే, అవతలి ఏడు ఆ ఇంటివాళ్ళే అడిగి తీసుకుంటారని నా నమ్మకం.

భారతదేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. దేశవ్యాప్త సామూహిక మందుల పంపిణీ 2004 నుంచి నడుస్తోంది. ఆ పంపిణీలో ప్రధానమైన డీఈసీ, అంటే డైఇథైల్‌కార్బమజైన్, ఒక తెలుగువాడి నాయకత్వంలో వెలువడిన మందు. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన నడిపిన కాలంలో, 1947లో, ఆయన బృందం దీన్ని హెట్రజాన్ పేరుతో వెలుగులోకి తెచ్చింది. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. డీఈసీ పనిచేసే తీరు ఈ వ్యాస విషయానికి చాలా దగ్గరిది. పరీక్ష గొట్టంలో ఆ మందు మైక్రోఫైలేరియాల మీద దాదాపు పనిచేయదు. శరీరంలో మాత్రం పనిచేస్తుంది. ఎందుకంటే అది పురుగును బయటపెట్టి రక్షణ కణాలకు దొరికేలా చేస్తుంది, మట్టుబెట్టేది ఆ కణాలే.

బిళ్ళలు వ్యాప్తిని ఆపుతాయి కానీ ఒకసారి వాచిన కాలును తిరిగి సన్నబరచవు. పురుగులు నాళాలను సాగదీసి కవాటాలను పాడుచేశాక, రసం పైకి ఎక్కక పాదంలో నిలిచిపోతుంది. ఆ నిలవ నీటిలో మామూలు స్ట్రెప్టోకోకస్ బాక్టీరియా చొరబడితే రక్షణ కణాలు సకాలంలో అక్కడికి చేరలేవు. ఉభాల (వరినాట్ల) రోజుల్లో బురదలో పొద్దస్తమానం నిలబడే పాదాన్ని చూడండి. కాలివేళ్ళ సందులు నాని, తెల్లబడి, చీలతాయి. ఆ చీలికే క్రిమికి వాకిలి. రెండు మూడు రోజుల్లో కాలు ఎర్రగా పొంగి, చలిజ్వరంతో మనిషి వారం మంచం పడతాడు. జ్వరం తగ్గాక కాలు మునుపటి కొలతకు రాదు, కాస్త లావు మిగులుతుంది. ఏడాదికి నాలుగైదు సార్లు ఇలా వస్తే, ప్రతిసారీ కొంత కొల్లాజెన్ పేరుకుని, చర్మం మడతలు పడి, బుడిపెలు లేస్తాయి. ఏనుగు కాలుగా మనం చూసేది, నిజానికి ఇన్నేళ్ళ శోథాల లెక్క.

అందుకే బోదకాలుకు అసలైన వైద్యం ఇంట్లో, నూతి గట్టు దగ్గర జరుగుతుంది. రోజూ రెండు పూటలా మామూలు సబ్బుతో, చల్లటి మంచినీళ్ళతో కాలు కడగాలి. మడతల్లో, వేళ్ళ సందుల్లో వేలు పెట్టి నెమ్మదిగా రుద్దాలి. పాత నూలు గుడ్డతో, రుద్దకుండా, అద్ది తడి తీయాలి. వేళ్ళ సందుల్లో చీలిక కనిపిస్తే మందు రాయాలి. పడుకునేటప్పుడు మంచం కాళ్ళవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టాలి. చెప్పు లేకుండా గడప దాటకూడదు. ఈ పద్ధతిని క్రమంగా పాటించినవారికి జ్వరాలు స్పష్టంగా తగ్గుతాయి. ఉల్బాకియాను చంపే డాక్సీసైక్లిన్ నాలుగు నుంచి ఆరు వారాలు వాడే వైద్యమూ ఉంది, అది వైద్యుడి పర్యవేక్షణలోనే జరగాలి. మగవారిలో వచ్చే వరిబీజానికి, జనం బుడ్డ అనే దానికి, శస్త్రచికిత్స ఉంది. సిగ్గుతో దాచుకుని ఏళ్ళ తరబడి పంచె కింద మోయాల్సిన పని లేదు.

ఫైలేరియా తెచ్చే ఇంకో జబ్బు తెలుగు నేల మీదే మొదట వర్ణన పొందింది. రాత్రిపూట ఆగని దగ్గు, పిల్లికూతలు, ఎక్స్‌రేలో క్షయ లాంటి మచ్చలు, రక్తంలో విపరీతంగా ఇసినోఫిల్‌లు అనే తెల్లకణాలు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియంలో పనిచేసిన ఫ్రిమోట్-మోలర్, బార్టన్ 1940లో దీన్ని క్షయను పోలిన విడి జబ్బుగా రాశారు. 1960లో వేలూరు వైద్యులు రోగుల ఊపిరితిత్తుల్లో మైక్రోఫైలేరియాలను చూపించారు. ఇది సంధికి పూర్తిగా అవతలి అంచు. ఇక్కడ శరీరం పురుగుల్ని ఎంతగా వేటాడుతుందంటే రక్తంలో ఒక్కటీ దొరకదు, ఆ వేటలో ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మూడు వారాలు డీఈసీ వాడితే చాలామందికి ఊపిరి తేలికవుతుంది. ఆస్తమా అని ఏళ్ళ తరబడి ఇన్‌హేలర్ పీల్చేవారిలో ఇలాంటివారు ఉండవచ్చు, ఒక్క ఇసినోఫిల్ లెక్కతో అనుమానం మొదలవుతుంది.

కుష్ఠులో రియాక్షన్

ఈ రెండు జిల్లాలూ ఒకప్పుడు కుష్ఠు ఎక్కువగా ఉన్న ప్రాంతాలు. సాలూరులో లెప్రసీ మిషన్ వారి ఫిలడెల్ఫియా ఆస్పత్రి ఈ రోగులకు చేసిన సేవ ఉత్తరాంధ్ర, ఒడిశా సరిహద్దు పల్లెలన్నిటికీ తెలిసినదే.

కుష్ఠు బాక్టీరియా విషం కక్కదు, చాలా నెమ్మదిగా పెరుగుతుంది, నరాల చుట్టూ ఉండే ష్వాన్ కణాల్లో మౌనంగా కూర్చుంటుంది. వేళ్ళు వంకర పోవడం, పాదం జారిపోవడం, కన్ను మూతపడకపోవడం లాంటివి ఎక్కువగా రోగనిరోధక వ్యవస్థ ఆ నరాల మీదకు దిగినప్పుడే వస్తాయి. ఇలా ఉన్నట్టుండి రేగే శోథాన్నే రియాక్షన్ అంటారు. మొదటి రకం రియాక్షన్‌లో పాత మచ్చలు ఉన్నట్టుండి ఎర్రగా ఉబ్బుతాయి, మోచేయి వెనక నరం తాడులా లావై ముట్టుకుంటే ప్రాణం పోతుంది. రెండో రకంలో జ్వరంతో పాటు ఒంటి నిండా ఎర్రటి నొప్పి గడ్డలు లేస్తాయి, కీళ్ళు పట్టేస్తాయి, కళ్ళు ఎర్రబడతాయి. యాంటీబాడీలు, క్రిమి ముక్కలు కలిసిన ముద్దలు రక్తంలో తిరుగుతూ దొరికిన చోటల్లా శోథం రేపడం దీనికి కారణం. ఒక్క అవయవంతో ఆగక శరీరమంతా కమ్మే శోథానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ దొరకడం కష్టం.

1982 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్స బాక్టీరియాను చంపుతుంది. రియాక్షన్ మాత్రం చికిత్స మధ్యలో, కొన్నిసార్లు అది పూర్తయ్యాక కూడా వస్తుంది. రోగి మందు వికటించిందనుకుని ఆపేస్తాడు. ఆపకూడదు. దానితోపాటు ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టి వారాల తరబడి నెమ్మదిగా తగ్గిస్తూ పోవాలి. నరం నొప్పి పుట్టిన తొలి రోజుల్లో వస్తే ఆ చెయ్యిని కాపాడుకోవచ్చు, ఆరు నెలలు దాటాక వస్తే కష్టం.

జీడిపిక్క చేతులు

పలాస-కాశీబుగ్గల్లో జీడిపప్పు పరిశ్రమ వేలాది మందికి, ముఖ్యంగా ఆడవాళ్ళకు, బతుకుతెరువు. పిక్కను కాల్చి గానీ ఆవిరిపట్టి గానీ పెంకు చీల్చినప్పుడు పెంకులోంచి నల్లటి జిగట నూనె కారుతుంది. అందులో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ ఉంటాయి. అవి మొదట నేరుగా చర్మాన్ని కాలుస్తాయి. ఆ తర్వాతది రోగనిరోధక వ్యవస్థ పని. ఈ చిన్న అణువులు చర్మంలోని ప్రోటీన్లకు అంటుకోగానే శరీరం వాటిని పరాయివిగా చూస్తుంది. చర్మంలోని లాంగర్‌హాన్స్ కణాలు ఈ వార్తను దగ్గరి శోషరస గ్రంథులకు మోసుకెళ్తాయి, టీ కణాలు ఆ గుర్తును దాచిపెట్టుకుంటాయి. మళ్ళీ నూనె తగిలిన రెండు మూడు రోజులకు దురద, పొక్కులు, నీరు కారడం మొదలవుతాయి. చాకళ్ళు బట్టల మీద గుర్తులు వేసే నల్లజీడి రసమూ ఇదే కుటుంబానిది, ఇదే పని చేస్తుంది.

పిక్క కొట్టే మనిషి చేతులు ఒకసారి చూస్తే మర్చిపోలేం. వేలి కొనలు నల్లగా, నున్నగా, గీతలు అరిగిపోయి ఉంటాయి. కూర్చునే ముందు చేతులకు నూనో బూడిదో పట్టించుకుంటారు. అది పెంకు నూనెను కొంత ఆపుతుంది, కానీ పొక్కులు లేచిన చేతికి అదొక్కటే చాలదు. తొడుగులు వేసుకుంటే పని వేగం తగ్గుతుందనీ, కిలో లెక్కన వచ్చే కూలి తగ్గుతుందనీ తీసేస్తారు. కూలి లెక్క మారితే తప్ప ఈ చర్మశోథం తగ్గదు.

ఉద్దానం

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లోని కొబ్బరి, జీడి, పనస తోటల ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానమన్న మాటే అలా మారింది. ఇక్కడ మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. 2019లో వెలువడిన ఒక సర్వేలో, పరీక్షించిన వయోజనుల్లో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కనిపించింది. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోనూ, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది.

కిడ్నీ ముక్క తీసి పరీక్షిస్తే కనిపించేది, రక్తాన్ని వడకట్టే గుచ్ఛాల్లో కాక, వాటి పక్కన ఉండే సన్నటి గొట్టాల మధ్య ఖాళీల్లో సాగిన శోథం. అక్కడ లింఫోసైట్‌లు చేరి ఉంటాయి, కొల్లాజెన్ పేరుకుని ఉంటుంది, గొట్టాలు ఎండిపోయి ఉంటాయి. మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు కాబట్టి ముఖమూ కాళ్ళూ వాచవు, మనిషికి ఏమీ తెలియదు. తెలిసేసరికి రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగిపోయి ఉంటుంది. ఎండలో పని, ఒంట్లో నీరు తగ్గడం, నీటిలోని సిలికా లాంటి పదార్థాలు, పురుగుమందులు, నొప్పి బిళ్ళలు, వంశపారంపర్యం అన్నిటి మీదా పరిశోధన సాగుతోంది. ఒక్క కారణం మీద వేలు పెట్టే దశకు శాస్త్రం ఇంకా రాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం, హిరమండలం జలాశయం నుంచి ఈ ఊళ్ళకు మంచినీళ్ళు తెచ్చే పథకం ప్రారంభమయ్యాయి.

పాడైన కిడ్నీ మళ్ళీ శరీరం మొత్తానికి శోథాన్ని పంచుతుంది. కిడ్నీ వదిలించాల్సిన సైటోకైన్లు, వ్యర్థాలు రక్తంలో నిలుస్తాయి, సీఆర్‌పీ పైనే ఉంటుంది, హెప్సిడిన్ కూడా పేరుకుంటుంది. డయాలసిస్‌కు వచ్చేవారు ఎండిపోయినట్టు, పాలిపోయినట్టు ఉండటానికి రక్తం తయారీకి కావాల్సిన ఎరిత్రోపోయిటిన్ తగ్గడంతో పాటు ఈ శోథమూ కారణం. వారిలో చాలామందిని చివరికి బలిగొనేది గుండెజబ్బు, ధమనుల గోడల్లో ఏళ్ళ తరబడి రగిలిన శోథం దానికి తోడు.

కీళ్ళూ మందులూ

శత్రువు లేకుండానే శరీరం తన మీద తానే తిరగబడే జబ్బుల్లో ఇక్కడ తరచుగా కనిపించేది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, జనం కీళ్ళవాతం అనేది. పొద్దున్న లేవగానే గంటసేపు వేళ్ళు ముడుచుకోవు, చిన్న కీళ్ళు రెండు చేతుల్లోనూ సమానంగా వాస్తాయి. గొంతునొప్పి తెచ్చిన స్ట్రెప్టోకోకస్ మీద పుట్టిన యాంటీబాడీలు పిల్లల గుండె కవాటాల మీదకు తిరిగే రుమాటిక్ జ్వరం కూడా ఈ కోవదే.

నొప్పి బిళ్ళలు ప్రోస్టాగ్లాండిన్ తయారీని ఆపుతాయని 1971లో జాన్ వేన్ చూపించాడు, 1982లో నోబెల్ పొందినవారిలో ఆయన ఒకరు. ఆ ప్రోస్టాగ్లాండిన్లే, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి వెళ్ళే రక్తనాళాన్ని తెరిచి ఉంచుతాయి. ఎండలో తోట పని చేసి, నీళ్ళు సరిగా తాగక, నడుంనొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాక్ కొని వేసుకుంటే కిడ్నీకి రక్తం తగ్గుతుంది. ఉద్దానం మనిషికి ఇది చిన్న విషయం కాదు. పైగా ఆ బిళ్ళ నొప్పిని అణుస్తుందే గానీ కీలును అరగదీసే శోథాన్ని ఆపదు.

ఆపే మందుల్లో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. దీని మూలమూ సుబ్బారావు ప్రయోగశాలే. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన ఆయన బృందం దానికి విరోధులైన అణువులనూ తయారుచేసింది. వాటిలో అమైనోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియాకు వాడాడు. 1951లో దాన్నే కీళ్ళవాతానికి ప్రయత్నించారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌కు అమెరికాలో ఈ జబ్బు విషయంలో అనుమతి వచ్చింది 1988లో. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఖరీదైన ఇంజెక్షన్లు ఆ తర్వాత వచ్చాయి, వాటికి ముందు క్షయ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే లోపల నిద్రపోతున్న క్షయను అదుపులో ఉంచేది కూడా టీఎన్‌ఎఫే.

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవాలి. చీటీ మీద వారం పేరు తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయించుకోవడం మంచిది, రోజూ వేసుకుంటే మూలుగ దెబ్బతిని ప్రాణం మీదకు వస్తుంది. మధ్యలో ఫోలిక్ ఆమ్లం బిళ్ళ ఇస్తారు. ఈ మందు బయటికి పోయేది ఎక్కువగా కిడ్నీల ద్వారానే. కాబట్టి కవిటి నుంచో మందస నుంచో వేళ్ళు వాచి వచ్చిన మనిషికి మొదటి మోతాదు రాసే ముందు క్రియాటినిన్ చూడాలి, వాడుతున్నంతకాలం మళ్ళీ మళ్ళీ చూస్తూ ఉండాలి.